వాయించడం ఎరుగని వాద్యశిల్పి: లియో ఫెండర్

ఒక వాద్యాన్ని గురించి మాట్లాడుకొనేటప్పుడు మనకు ముందుగా గుర్తుకు వచ్చేది దానిని వాయించిన విద్వాంసుడు. వీణ అనగానే మనవారు వైణికుల పేర్లు వరుసగా చెప్పగలరు గాని, బొబ్బిలిలోనో నూజివీడులోనో పనస దుంగను తొలిచి ఆ వీణను చేసిన వడ్రంగి పేరు చెప్పలేరు. పాశ్చాత్య దేశాలలోనూ స్థితి ఇంచుమించు ఇంతే. అయినా ఇరవయ్యవ శతాబ్దంలో ఒక వాద్యశిల్పి పేరు విద్వాంసుల పేర్లతో సమానంగా వ్యాప్తి పొందింది. ఆయన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రానికి చెందిన క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. లోకం ఆయనను లియో ఫెండర్ అని పిలిచింది. ఇందులో విచిత్రమేమంటే, గిటారు చరిత్రనే మలుపు త్రిప్పిన ఈ మనిషికి గిటారు వాయించడం రాదు. దానిని శ్రుతి చేసుకోవడం కూడా ఆయనకు చేతకాదని ప్రసిద్ధి.

వాయించడం రాని మనిషి వాయించేవారికి ఏమి ఇవ్వగలడు? ఈ ప్రశ్నను ముందుంచుకొని ఆయన జీవితాన్ని మేము ఇక్కడ సంగ్రహంగా చెప్పదలచినాము. ఆయన 1951లో లోకానికిచ్చిన ఎలక్ట్రిక్ బేస్ గిటారునే ఈ కథకు ఇరుసుగా తీసుకున్నాము. ఈ వాద్యం పేరు మన పాఠకులలో కొందరికి క్రొత్త కావచ్చును గాని, దాని నాదం అందరికీ పరిచితమే. ఇళయరాజా స్వరపరచిన తెలుగు సినిమా పాటలలో గాత్రానికీ తాళవాద్యాలకూ నడుమ మంద్రస్థాయిలో నడిచే గంభీరమైన నాదం బేస్ గిటారుదే. దానికి నాలుగు లావైన తీగలుంటాయి. మామూలు గిటారులోని క్రింది నాలుగు తీగల కంటే అవి ఒక స్థాయి దిగువన పలుకుతాయి. పాట వినేవారు దానిని ప్రత్యేకించి గమనించరు; అది ఆగిపోతే మాత్రం పాట కాళ్లకింద నేల లేనట్లు తోస్తుంది.

లియో 1909 ఆగస్టు 10న అనాహైమ్, ఫుల్లర్టన్ అనే పట్టణాల నడుమ ఉన్న నారింజతోటలో జన్మించాడు. ఆయన తల్లిదండ్రులు రైతులు. తోటలోని కొట్టంలోనే ఆయన పుట్టాడు. ఎనిమిదవ ఏట కంటిలో కణితి లేవగా వైద్యులు ఎడమ కన్ను తీసివేశారు. నాటి నుండి గాజు కన్నుతోనే జీవితం గడిపాడు. చిన్నతనంలో పియానో, తరువాత శాక్సఫోన్ కొంతకాలం అభ్యసించాడు గాని ఆ విద్య ఆయనకు అబ్బలేదు. మనసంతా వేరొక వైపు లాగింది. దగ్గరి బంధువు ఒకాయన శాంటా మారియా అనే ఊరిలో మోటారు కార్ల విద్యుత్ పనులు చేసే దుకాణం నడిపేవాడు. అక్కడ చూచిన రేడియో ఆ కుర్రవాని మనసులో చెరగని ముద్ర వేసింది. అది మొదలు ఎక్కడ పాత రేడియో దొరికినా విప్పడం, మరల బిగించడం ఆయనకు ఆటగా మారింది.

అయినా కళాశాలలో ఆయన చదివినది విద్యుత్ శాస్త్రం కాదు. ఫుల్లర్టన్ జూనియర్ కళాశాలలో చేరి పద్దుల శాస్త్రం అభ్యసించాడు. రేడియో విద్యలో ఆయనకు గురువు లేడు, పట్టా లేదు. చదువు ముగిశాక గుమాస్తాగా, గణకుడుగా ఉద్యోగాలు చేశాడు. 1934లో ఎస్తర్‌ను వివాహమాడాడు. అవి అమెరికాను ఆర్థిక మాంద్యం పీడిస్తున్న రోజులు. రోడ్ల శాఖలోని కొలువు పోయింది. తరువాత టైర్ల కంపెనీలో దొరికిన పనీ ఎన్నాళ్లో నిలవలేదు. చదివిన చదువు అన్నం పెట్టని ఆ స్థితిలో, 1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణం తెరిచాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై తొమ్మిది సంవత్సరాలు. తరువాతి కాలంలో వ్యాపారం ఇబ్బందుల్లో పడినప్పుడు భార్య టెలిఫోన్ కంపెనీలో సంపాదించిన జీతమే ఇల్లు గడిపిందని చెబుతారు.

మా దృష్టిలో లియో ఫెండర్ జీవితానికి తాళంచెవి ఈ మరమ్మతు దుకాణమే. మరమ్మతు చేసేవాడు వస్తువును చూచే చూపు, దానిని అమ్మేవాడు చూచే చూపు ఒకటి కావు. ఏ మర ఎక్కడ వదులవుతుందో, ఏ అతుకు ఎప్పుడు ఊడుతుందో, ఏ భాగం విప్పడానికి గంట పడుతుందో మరమ్మతు చేసేవానికే తెలుస్తుంది. ఆ పరిసరాల నాట్యశాలలలో వాయించే కళాకారులు తమ చెడిపోయిన యాంప్లిఫయర్లను, గిటార్లను లియో వద్దకే తెచ్చేవారు. ఆయన వారి మాటలు ఓపికగా వినేవాడు. ఒకే లోపం పది వాద్యాలలో కనిపిస్తే, అసలు ఆ లోపమే రాకుండా వస్తువును చేయడమెలా అని ఆలోచించేవాడు.

డాక్ కాఫ్మన్ అనే వాద్యకారునితో కలసి లియో 1945లో స్టీల్ గిటార్లు, యాంప్లిఫయర్లు తయారు చేయడం ఆరంభించాడు. అప్పుల భయంతో కాఫ్మన్ మరుసటి సంవత్సరమే తప్పుకున్నాడు. లియో ఒంటరిగా ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీని నెలకొల్పాడు. 1950లో ఆయన విడుదల చేసిన గిటారు చూచి పాతకాలపు వాద్యకారులు నవ్వుకున్నారు. అందులో డొల్ల లేదు. మొండెం ఒక చదునైన పలక మాత్రమే. మెట్లు అమర్చే దండిని మొండేనికి జిగురుతో అంటించకుండా నాలుగు మరలతో బిగించాడు. మన బొబ్బిలి వీణలో కుండ, దండి ఒకే దుంగలో ఇమిడి ఉంటాయి. అందులోనే దాని గొప్పతనం. లియో ఆలోచన దీనికి పూర్తిగా ఎదురు. దండి వంగితే విప్పి మరొకటి బిగించాలి. కళాకారుని కచేరీ తప్పిపోకూడదు. ఇదే ఆయన సిద్ధాంతం. ఆ గిటారే తరువాత టెలికాస్టర్ అనే పేరుతో ప్రసిద్ధి చెందింది.

ఇక బేస్ గిటారు సంగతికి వద్దాము. ఆనాటి వాద్యబృందాలలో మంద్రనాదాన్ని పలికించే పని డబుల్ బేస్‌ది. అది మనిషి కంటే ఎత్తైనది, బోలు కర్రతో చేసినది, నిలబడి వాయించవలసినది. కారు లోపల పట్టదు. పైన కట్టి తీసుకుపోతే ఎండకూ వానకూ పాడైపోతుంది. పైగా ఎలక్ట్రిక్ గిటార్ల హోరు పెరిగిన కొద్దీ దాని గొంతు వినబడకుండా పోయింది. దానికి మెట్లు లేవు గనుక స్వరస్థానం పట్టుకోవడానికి ఏండ్ల సాధన కావాలి. మెట్లు గల ఎలక్ట్రిక్ బేస్‌ను అంతకు పూర్వమే, 1930ల మధ్యకాలంలో, సియాటిల్ నగరవాసి పాల్ టట్మార్క్ చేశాడు గాని అది వ్యాప్తిలోకి రాలేదు. 1951లో లియో విడుదల చేసిన వాద్యమే లోకమంతటా నిలిచింది. మెట్ల వల్ల స్వరం ఖచ్చితంగా పలుకుతుంది గనుక దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు.

తీగ నిడివి ఎంత ఉండాలన్నది మొదటి సమస్య. మరీ పొట్టిదైతే నాదం పలచబడుతుంది. మరీ పొడుగైతే వ్రేళ్లు అందవు. లియో 34 అంగుళాల వద్ద నిలిచాడు. నేటికీ ఎక్కువ బేస్ గిటార్లకు అదే కొలత. మొండెం యాష్ కర్రతో, దండి ఒకే మేపుల్ ముక్కతో చేశాడు. దండిపై 20 మెట్లు. పొడవైన దండి బరువుకు వాద్యం ఒక ప్రక్కకు ఒరిగిపోకుండా మొండెం పైభాగాన్ని కొమ్మువలె ముందుకు సాగదీశాడు. చూచేవారికి అలంకారంగా కనిపించే ఆ కొమ్ము నిజానికి తూకం కోసం పుట్టినది. ఆ ఆకారమే 1954లో వచ్చిన సుప్రసిద్ధమైన స్ట్రాటోకాస్టర్ గిటారుకు మార్గం చూపింది.

పాత ఫెండర్ వాద్యం వెనుకవైపు చూస్తే దండి మధ్యన నల్లని చార ఒకటి కనిపిస్తుంది. దాని కథ వినదగినది. మేపుల్ కర్ర గట్టిది గనుక లోపల ఉక్కు కడ్డీ అక్కరలేదని లియో మొదట నమ్మాడు. అమ్మకాలు చూచే డాన్ రాండల్ అందుకు ఒప్పుకోలేదు. కడ్డీ లేకుండా చేసిన మొదటి గిటార్ల దండులు తీగల లాగుడుకు వంగడంతో లియో తన అభిప్రాయం మార్చుకున్నాడు. కాని దండి ఒకే ముక్క. పైన అంటించే పలక వేరే లేదు. అందుచేత వెనుకనుండి గాడి తొలిచి, అందులో కడ్డీ ఉంచి, ఆ గాడిని అక్రోటు కర్ర బద్దతో పూడ్చాడు. అదే ఆ నల్లని చార. 1959లో దండిపైన రోజ్‌వుడ్ పలక వేయడం మొదలయ్యాక కడ్డీని పైనుండే ఉంచే వీలు కలిగింది, చార మాయమైంది. లేత రంగు మేపుల్‌పై పూత అరిగి మురికిపట్టి కనిపిస్తున్నదనే మాట ఈ మార్పుకు ఒక కారణం.

ఆయన చేసినదంతా నిర్దోషమని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ కడ్డీని సరిచేసే మరను దండి మొదట్లో, మొండెంలో దాగే చోట పెట్టాడు. దండి కొంచెం వంగినా సరే, మరలు నాలుగూ విప్పి, దండిని ఊడదీసి, మర త్రిప్పి, తిరిగి బిగించి చూడవలసిందే. సరిపోకపోతే మళ్లీ మొదలు. మొదటి నమూనాలో నాలుగు తీగలకు బ్రిడ్జిపై రెండే దిమ్మెలుండేవి. ఒక దిమ్మెపై రెండు తీగలు ఆనడం వల్ల ఒకదాని శ్రుతి సవరిస్తే రెండవదాని శ్రుతి చెదిరేది. 1957లో గాని తీగకొక దిమ్మె ఏర్పడలేదు. విప్పి బిగించడమే సిద్ధాంతమైన మనిషి చేతిలోనే ఇట్టి చిక్కులు మిగిలాయంటే, వస్తువును దిద్దడం ఒక్కనాటి పని కాదని తెలుస్తున్నది.

వాయించేవారు ఎలా వాయిస్తారన్న అంచనాలోనూ ఆయన అప్పుడప్పుడు తప్పాడు. బొటనవ్రేలితో మీటుతారని భావించి, తక్కిన వ్రేళ్లు ఆన్చుకొనేందుకు సన్నని తీగ క్రింది ప్రక్కన ఒక చిన్న కర్రపట్టీ బిగించాడు. కళాకారులు చూపుడువ్రేలు, నడిమివ్రేలితో మీటసాగారు. ఆ పట్టీ నిరుపయోగమైంది. అది లావుతీగ ప్రక్కకు మారేసరికి 1974 వచ్చింది. బ్రిడ్జిపై మెరిసే లోహపు మూత బిగించి, దాని లోపల తీగలకు తగిలేటట్లు స్పాంజి ముక్క అంటించాడు. డబుల్ బేస్ నాదం వలె ధ్వని త్వరగా ఆగాలన్నది దాని ఉద్దేశం. చాలామంది ఆ మూతను ఊడదీసి పారవేశారు. అందుచేత పాత బేస్‌లలో మూత లేని మరరంధ్రాలు తరచుగా కనిపిస్తాయి.

కాని ఆయనలోని గొప్ప గుణం చెవి ఒగ్గడం. చదునైన పలక అంచు పక్కటెముకలకు గుచ్చుకొంటున్నదని వాద్యకారులు చెప్పారు. 1954లో ప్రెసిషన్ బేస్ అంచులను ఒంటికి అనువుగా చెక్కించాడు. తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే అయస్కాంతపు చుట్టను పికప్ అంటారు. మొదటి పికప్ ఒకే చుట్ట గనుక, చుట్టుపక్కల విద్యుత్ తీగలనుండి గుయ్యిమనే రొద పట్టుకొనేది. 1957లో దానిని రెండు ముక్కలు చేశాడు. ఒక్కొక్క ముక్క రెండేసి తీగల క్రింద ఉంటుంది. రెండు ముక్కలలో చుట్టు దిశ, అయస్కాంత ధ్రువం పరస్పరం ఎదురు. రొద రెండింటిలో ఎదురెదురుగా పుట్టి రద్దవుతుంది. తీగల నాదం మాత్రం నిలుస్తుంది. నేటికీ ఆ పికప్ అదే రూపంలో తయారవుతున్నది.

ఇక పైపూతల సంగతి. మొదటి ప్రెసిషన్ బేస్‌లకు యాష్ కర్ర చారలు కనబడే పలుచని వెన్నరంగు పూసేవారు. 1954 నుండి అంచులు నల్లగా, నడుమ పసుపుగా ఉండే పూత వచ్చింది. అది అస్తమించే సూర్యుని పోలినది గనుక సన్‌బర్స్ట్ అన్నారు. 1956 ప్రాంతంలో సన్‌బర్స్ట్ వాద్యాలకు ఆల్డర్ కర్ర ప్రవేశించింది. 1958లో నలుపు, పసుపుల నడుమ ఎరుపు చేర్చారు. ఆ తొలి ఎరుపు వెలుతురుకు నిలవలేదు. కొన్ని ఏండ్లు ఎండ తగిలిన వాద్యాలలో ఎరుపు పూర్తిగా వెలిసిపోయి, అసలు ఆ రంగు వేయనేలేదన్నట్లు కనిపిస్తుంది. లోహపు రేకు క్రింద వెలుతురు సోకని చోట మాత్రం ఎరుపు చెక్కుచెదరక ఉంటుంది. రేకు విప్పి చూచినవారికి ఆ వాద్యం యౌవనం అక్కడ దర్శనమిస్తుంది.

రంగు వేసే పద్ధతిలో మరొక చమత్కారం ఉన్నది. మొండెం రెండు వైపులా ఒకేసారి పూత పడాలి. ఆరేవరకు పూత దేనినీ తాకరాదు. అందుకు పనివారు మొండెంలో మూడు నాలుగు చిన్న మేకులు కొట్టి, వాటినే కాళ్లుగా చేసి, త్రిప్పుడు బల్లపై నిలబెట్టేవారు. ఆరిన తరువాత మేకులు పీకితే చిన్న చిన్న రంధ్రాలు మిగిలేవి. ఆ రంధ్రాలలో రంగు ఉండదు. ఎవరైనా తరువాత మళ్లీ రంగు వేసి ఉంటే, ఆ రంధ్రాలు పూడిపోవడమో, లోపలికి రంగు దిగడమో జరుగుతుంది. ఆనాడు సౌకర్యానికి కొట్టిన మేకు నేడు పరీక్షకుని చేతిలో సాక్ష్యంగా మారింది.

సన్‌బర్స్ట్ వలదన్నవారికి నూటికి ఐదు వంతులు అదనంగా తీసుకొని వేరే రంగులు వేసి ఇచ్చేవారు. ఆ రంగులు వాద్యాల కోసం తయారైనవి కావు. డూపాంట్ కంపెనీ మోటారు కార్లకు చేసినవి. 1956 నాటి ఫోర్డ్ థండర్‌బర్డ్ కారు ఎరుపు, 1958 నాటి కాడిలాక్ కారు నీలం గిటార్ల మీదికి వచ్చాయి. బజారులో సులభంగా దొరికే, త్వరగా ఆరే నైట్రోసెల్యులోజు లాకరు, ఆక్రిలిక్ లాకరు వాడడమే ఇందులోని రహస్యం. ఒక్కొక్కప్పుడు సిద్ధంగా ఉన్న సన్‌బర్స్ట్ మొండెం మీదనే కోరిన రంగు వేసి పంపేవారు. పైన వేసే తేటలాకరు కాలక్రమంలో పసుపుబారుతుంది. కావుననే నాటి తెలుపు నేడు మీగడరంగుగాను, నీలం ఆకుపచ్చగాను కనబడుతున్నది. నైట్రో లాకరు పలుచన. చలికి బీటలు వారుతుంది, చేయి ఆనిన చోట అరిగి కర్ర బయటపడుతుంది.

ఈ పనులన్నీ చేసిన చేతులను మరువరాదు. ఫుల్లర్టన్ కర్మాగారంలో మెక్సికో మూలాలు గల స్త్రీ పురుషులు అధికంగా పనిచేసేవారు. వెంట్రుకవంటి రాగితీగను వేలకొద్దీ చుట్లు చుట్టి పికప్‌లు చేసినది స్త్రీలే. తీగను వ్రేళ్లతో నడిపించేవారు గనుక ఏ రెండు చుట్టలూ అచ్చంగా ఒక్కటిగా ఉండవు. దండులు చెక్కిన టాడియో గోమెజ్ అనే పనివాడు దండి మొదట్లో, మొండెంలో దాగే చోట, తన పేరు పొడి అక్షరాలు, తేదీ పెన్సిలుతో వ్రాసేవాడు. 1962 నుండి పెన్సిలు వ్రాతకు బదులు రబ్బరు ముద్ర వచ్చింది. ధ్వని తగ్గించి పెంచే గుండీల క్రింది భాగాలపై వాటిని చేసిన కంపెనీ, సంవత్సరం, వారం తెలిపే అంకెలుంటాయి. దండులు, మొండేలు విడివిడిగా రాశులుపోసి, చేతికందినవి కలిపి బిగించేవారు గనుక ఒకే వాద్యంలో ఈ తేదీలు నెలల తేడాతో ఉండడం కద్దు.

1960లో లియో జాజ్ బేస్ అనే రెండవ నమూనా తెచ్చాడు. దాని దండి మొదట్లో సన్నన, పికప్‌లు రెండు, నడుము ఒక ప్రక్కకు జారినట్లుండే ఆకారం. తొలి రెండేండ్లు గుండీలు ఒకదానిపై ఒకటి అమర్చి, 1962లో మూడు వేర్వేరు గుండీలకు మారారు. ఈ రెండు నమూనాలు మహావిద్వాంసుల చేతులలో ఎట్లా పలికాయో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలును. డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ కంపెనీ పాటలకు ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి సన్‌బర్స్ట్ ప్రెసిషన్‌పై, ఒక్క చూపుడువ్రేలితోనే మీటేవాడు. తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదు. అందరూ పారవేసిన ఆ మూతను, స్పాంజిని ఆయన అట్లే ఉంచుకున్నాడు. జాకో పాస్టోరియస్ 1962 నాటి జాజ్ బేస్ మెట్లన్నీ ఊడదీసి, సందులు పూడ్చి, పడవలకు వాడే ఎపాక్సీ పూశాడు. స్వరం ఖచ్చితంగా పలకాలని లియో పెట్టిన మెట్లను తొలగించి, మానవకంఠం వంటి గమకాన్ని సాధించాడు. చేసినవాని ఊహను కళాకారుడు దాటిపోవడం వాద్యశిల్పికి అవమానం కాదు. అదే అతని పనికి సార్థకత.

ఫెండర్ కంపెనీ అభివృద్ధి చెందుతున్న కొద్దీ లియో ఆరోగ్యం క్షీణించింది. ముక్కు సంబంధమైన అంటువ్యాధి ఏండ్ల తరబడి ఆయనను పీడించింది. ఇక ఎంతోకాలం బ్రతకనని నిశ్చయించుకొని, 1965 జనవరిలో కంపెనీని సి.బి.యస్. సంస్థకు 130 లక్షల డాలర్లకు విక్రయించాడు. ఆ తరువాత మరొక వైద్యుడు చేసిన చికిత్సతో ఆ వ్యాధి నయమైంది. కాని తిరిగి పొందరానిది ఒకటి చేయిజారింది. అది ఆయన పేరు. వాద్యంపై ఫెండర్ అని వ్రాసే హక్కు ఇక కొన్నవారిదే. పోటీగా వ్యాపారం చేయరాదన్న పది సంవత్సరాల ఒప్పందం కూడా ఆయనను బంధించింది. తన ఇంటిపేరు దేశమంతటా మారుమ్రోగుతుండగా, ఆ పేరుగల మనిషి అదే ఊరిలో పేరులేని పనివాడుగా మిగిలాడు.

సి.బి.యస్. కాలంలో మార్పులు వచ్చాయి. దండి అంచులకు పట్టీ, దానిపై చుక్కలకు బదులు పెద్ద పలకల అలంకారం జాజ్ బేస్‌కు చేర్చారు. 1960ల చివర పలుచని లాకరు స్థానంలో దళసరి పాలియెస్టర్ పూత ప్రవేశించింది. 1970లలో జాజ్ బేస్ దండి బిగించే మరలు నాలుగు నుండి మూడుకు తగ్గాయి. 1965కు ముందువే శ్రేష్ఠమని సేకరించేవారి వాదం. ఆ వాదంలో కొంత సత్యం ఉన్నా, అంతా సత్యం కాదని మా అభిప్రాయం. పాలియెస్టర్ పూత సులభంగా అరగదు. 1970ల నాటి వాద్యాలతోనూ గొప్ప సంగీతం పుట్టింది. 1985లో సి.బి.యస్. వారు ఆ కంపెనీని దాని ఉద్యోగులకే అమ్మివేశారు.

లియో మాత్రం ఊరకుండలేదు. అరవై దాటిన వయస్సులో మ్యూజిక్ మ్యాన్ అనే సంస్థలో చేరి, 1975లో దానికి అధ్యక్షుడయ్యాడు. 1976లో వచ్చిన స్టింగ్‌రే బేస్‌లో బ్యాటరీతో పనిచేసే చిన్న యాంప్లిఫయరు వాద్యం లోపలే అమర్చి ఉంటుంది. 1979లో ఎస్తర్ మరణించింది. ఆ మరుసటి సంవత్సరం ఆయన ఫిల్లిస్‌ను వివాహమాడాడు. పాత సహచరుడు జార్జి ఫుల్లర్టన్‌తో కలసి జి అండ్ ఎల్ అనే సంస్థను ఏర్పరచాడు. ఆ పొడి అక్షరాలు జార్జి, లియోలవి. డెబ్బై ఏండ్ల వయస్సులో, తన పూర్ణనామం వాడుకొనే వీలులేక, మొదటి అక్షరంతో సరిపెట్టుకొని పని మొదలుపెట్టాడు. తాను ఇంతకు ముందు చేసినవాటి కంటే ఇవే మెరుగైనవని ఆయన నమ్మకం. లోకం 1950ల నాటి వాద్యాలను పూజిస్తుండగా, వాటిని చేసినవాడు వాటిలోని లోపాలు దిద్దుతూ కూర్చున్నాడు.

పార్కిన్సన్ వ్యాధి చేతులను వణికిస్తున్నా ఆయన చివరి రోజుల వరకు పనిగదికి వెళ్లడం మానలేదు. 1991 మార్చి 21న ఫుల్లర్టన్‌లోనే, 81వ ఏట కన్నుమూశాడు. మరణానంతరం 1992లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన పేరు చేర్చుకున్నది. 2009లో గ్రామీ సాంకేతిక పురస్కారం లభించింది.

1995లో ఫెండర్ కంపెనీయే క్రొత్త వాద్యాలను కావాలని గీతలు పెట్టి, రంగు అరగదీసి, తుప్పు పట్టించి అమ్మడం ఆరంభించింది. అట్టివాటికి మంచి గిరాకీ ఉన్నది. ఆ పనిలోని నేర్పును మేము కాదనము. కాని జేమర్సన్ వ్రేలి క్రింద అరిగిన కర్ర వెనుక వేల పాటలున్నాయి. ఇసుక కాగితంతో అరిగిన కర్ర వెనుక ఏ పాటా లేదు. నల్లచార, మేకురంధ్రం, వెలిసిన ఎరుపు, పసుపుబారిన తెలుపు, వీటిలో ఒక్కటి కూడా అందం కోసం పుట్టినది కాదు. ఎదుట నిలిచిన చిక్కుకు ఆనాడు దొరికిన పరిష్కారాలవి. నిజాయితీగా చేసిన పని గనుక కాలం వాటికి అందం అద్దింది.

వాయించడం రాని మనిషి వాయించేవారికి ఏమి ఇవ్వగలడన్న ప్రశ్నకు లియో జీవితమే సమాధానం. తనకు రానిదేదో ఆయనకు తెలుసు. కనుకనే వచ్చినవారి మాట విన్నాడు. ఒక కన్నుతోనే ఇతరుల కష్టం ఎక్కడుందో చూడగలిగాడు. పట్టా ఒక విద్యలో, బ్రతుకుతెరువు మరొక విద్యలో దొరికినప్పుడు మన విద్యార్థులు కొందరు క్రుంగిపోవడం మేము చూస్తున్నాము. పద్దులు చదివి, కొలువు పోగొట్టుకొని, అప్పు చేసి, మరమ్మతు దుకాణంలో కూర్చున్న ఆ గుమాస్తాను వారు ఒక్కసారి తలచుకొందురు గాక. చేతిపనిని చిన్నచూపు చూడని ఇల్లు, కళాశాల, సమాజం ఇటువంటి వారిని ఇంకా ఎందరినో కనగలవని మా విశ్వాసం.